మన దగ్గర లేవా అనే మాట

ఈజిప్టు వెళ్తున్నామని చెప్పిన రోజు నుంచి మా ఆయనా నేనూ విన్నది ఒకటే మాట. "మన దగ్గర లేవా?" నల్లగండ్లలో మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో విన్నాం, కొండాపూర్‌లో ఆఫీసు క్యాంటీన్లో విన్నాం, పండక్కి ఊరెళ్తే అక్కడా విన్నాం. దాని వెనకే సామెత: పొరుగింటి పుల్లకూర రుచి. హంపి చూశారా, రామప్ప చూశారా, అవన్నీ చూశాక పోదురుగాని లెండి అని సలహా. బాలి పోతామన్నవాళ్లను, దుబాయ్ పోతామన్నవాళ్లను ఇలా ఎవరూ నిలదీయరు. సముద్రం మన దగ్గర లేదా, షాపింగ్ మాల్ మన దగ్గర లేదా అని అడగరు. పాత రాళ్లు చూసొస్తాం అన్నప్పుడే అందరికీ మన రాళ్లు గుర్తుకొస్తాయి.

దేశాభిమానంలా వినబడుతుంది కాబట్టి ఈ మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. తల ఊపి ఊరుకుంటారు. నేను ఊరుకోదలచుకోలేదు. ఇది మన శిథిలాల మీద ప్రేమతో పుట్టిన మాట కాదు. మన దగ్గర ఉన్నాయి కదా, ఇక చూడకపోయినా ఫరవాలేదు అనే నిశ్చింతను ఇచ్చే మాట. ఆ నిశ్చింతే మన కట్టడాలకు చేటు చేస్తోంది.

మా ఇంటి దగ్గర్నుంచే మొదలుపెడతాను. గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీ మా శేరిలింగంపల్లి మండలంలోనే ఉంది. దాని గేటు ముందు నుంచి ఐటీ కంపెనీల బస్సులూ క్యాబులూ పొద్దస్తమానం తిరుగుతుంటాయి. ఆ ఆవరణలో బృహత్ శిలాయుగపు సమాధులున్నాయి. పల్లెల్లో రాక్షస గుళ్లు అంటారే, అవి. ప్రొఫెసర్ కె.పి.రావు బృందం అక్కడ తవ్వితే ఇనుప పనిముట్లు దొరికాయి. వాటి కాలం క్రీ.పూ. 2400కూ 1800కూ మధ్య అని ఆ బృందం 2015లో ప్రకటించింది. గిజాలో ఖుఫూ పెద్ద పిరమిడ్ కట్టించింది క్రీ.పూ. 2560 ప్రాంతంలో. ఆ తేదీల ప్రకారం చూస్తే, పిరమిడ్ ఇంకా కొత్తగా ఉన్న రోజుల్లోనే మా వీధికి కూతవేటు దూరంలో ఎవరో చేతిలో ఇనుప కత్తి పట్టుకున్నారు.

"మన దగ్గర లేవా" అన్నవాళ్లలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు. ఈజిప్టు నుంచి తిరిగొచ్చేదాకా నాకూ తెలియదు. గిజాలో గైడు చెప్పిన తేదీ తలలో నాటుకుంది కాబట్టే, ఆ కాలంలో మన నేల మీద ఏముండేదా అని వచ్చాక వెతుక్కున్నాను. పోకపోయి ఉంటే ఆ గేటు ముందు నుంచి ఇంకో పదేళ్లు ఫోన్ చూసుకుంటూ తిరిగేదాన్ని.

అసలు ఈజిప్టే మన ఊళ్లో ఉంది. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కి నాంపల్లిలో దిగితే పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియానికి నడిచి పోవచ్చు. అక్కడ గాజుపెట్టెలో ఒక మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లు పెట్టి కొన్నాడనీ, ఏడో నిజాంకు కానుకగా ఇస్తే ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చేశాడనీ చెబుతారు. మేము వెళ్లింది ఆదివారం. ఆ పెట్టె ముందు మేమిద్దరం, ఒక స్కూలు పిల్లాడు, వాళ్ల నాన్న. ఇంకెవరూ లేరు. పిల్లాడు కదలనంటే కదలనన్నాడు. ఎవరామె, ఎందుకు ఇక్కడికొచ్చింది, వాళ్లమ్మ ఒప్పుకుందా అని అడుగుతూనే ఉన్నాడు.

ఇక సాగర్. 26 గేట్లు ఎత్తారని టీవీలో వస్తే చాలు, మా వైపు నుంచి కార్లు బారులు కడతాయి. నీళ్లు దూకడం చూసి, ఫోటోలు దిగి, చేపల వేపుడు తిని రాత్రికి ఇల్లు చేరతారు. అక్కడే లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూసి వచ్చినవాళ్లు మా ఆఫీసులో నాకు ఇద్దరే తగిలారు. మనవి చూశాకే బయటివి అన్నది నిజంగా నియమమైతే ముందు ఆ లాంచీలు కిటకిటలాడాలి.

మా అత్తయ్యది వేరే అభ్యంతరం. "సమాధులూ శవాలూ చూడ్డానికి మొగుడూ పెళ్లాలు జంటగా పోతారటమ్మా?" అన్నారు. ఆవిడ మనసులో ఉన్నది మా మేలే, కాబట్టి ఆవిడతో వాదించలేదు. కానీ ఆ మాట చదువుకున్నవాళ్లూ అంటుంటే విన్నాను. తాజ్‌మహల్ ముందు ఫోటో లేని జంట మన దగ్గర తక్కువ, అది సమాధే. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర కాబోయే దంపతులు పట్టుబట్టల్లో ఫోటోలు తీయించుకుంటున్నారు. మరి నైలు ఒడ్డు సమాధికే దోషం ఎలా వచ్చింది?

ఆ దోషం సంగతి నాకు దేర్ ఎల్ మదీనాలో తేలిపోయింది. లక్సర్‌లో నైలుకు పడమటి వైపు, రాజుల లోయలో సమాధులు తొలిచిన పనివాళ్లు కాపురమున్న ఊరది. మోకాలెత్తు గోడలు, ఇరుకు గదులు, మధ్యలో ఒక సందు. వాళ్ల హాజరు పట్టీలు రాతి పెచ్చుల మీద రాసినవి దొరికాయి. రెండో రామ్సెస్ పాలన 40వ ఏటి పట్టీ ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఎవరు ఏ రోజు ఎందుకు పనికి రాలేదో అందులో రాసుంది: తేలు కుట్టింది, కళ్లు బాగాలేవు, బీరు కాచుకోవాలి. మూడో రామ్సెస్ కాలంలో, ఆయన పాలన 29వ ఏట, ఇవ్వాల్సిన గింజలు ఇవ్వడం లేదని ఈ ఊరివాళ్లే పని ఆపేసి బయటికొచ్చారు. రాతలో మిగిలిన సమ్మెల్లో అదే మొదటిది. టైమ్‌షీట్ నింపి నింపి వేళ్లరిగిన నాకు ఫారోల బంగారం కంటే ఈ లెక్కలే దగ్గరగా అనిపించాయి.

ఆ ఊరి పనివాడు సెన్నెజెమ్ తన కోసం, తన భార్య ఇయ్‌నెఫెర్తి కోసం ఒక సమాధి చేసుకున్నాడు. నిటారు మెట్లు దిగి, నడుం వంచి లోపలికి పోవాలి. చిన్న గది, పసుపుపచ్చ గోడలు, నిన్న వేసినట్టున్న రంగులు. ఎదుటి గోడ మీద అతను కొడవలితో గోధుమ కంకులు కోస్తున్నాడు, ఆమె వెనకే ఏరుకుంటోంది. ఇంకోచోట అతను నాగలి దున్నుతుంటే ఆమె చాళ్లలో విత్తనం వేస్తోంది. ఇద్దరి ఒంటి మీదా తెల్లటి బట్టలు, మట్టి మరక లేదు. పోయాక చేరాలనుకున్న లోకాన్ని వాళ్లు అలా గీసుకున్నారు: ఇద్దరూ కలిసి చేసుకునే సేద్యం. మా ఆయన ఆ గోడ ముందు చాలాసేపు నిలబడిపోయాడు. "నాన్న దున్నుతుంటే అమ్మ ఇట్లాగే వెనక గింజ వదిలేది" అన్నాడు. ఇంటికొచ్చాక అత్తయ్యకు ఫోన్లో ఆ బొమ్మ చూపించాం. కళ్లజోడు పెట్టుకుని పెద్దది చేయించి చూశారు. "మేడి మీద చెయ్యి సరిగ్గానే పెట్టాడు" అన్నారు. సమాధి అన్న మాట మళ్లీ ఎత్తలేదు.

అస్వాన్‌లో రాతి గని ఉంది. అందులో నేలను అంటిపెట్టుకునే పడుకుని ఉంది ఒక ఏకశిలా స్తంభం, సుమారు 42 మీటర్ల పొడవు, వెయ్యి టన్నులకు పైబడిన బరువు. చెక్కుతుండగానే బీట పడింది, అలాగే వదిలేశారు. గట్టి నల్లరాతి గుండ్లు చేత్తో పట్టుకుని బాది బాది ఆ గ్రానైటును తొలిచారు. చుట్టూ తవ్విన గాడిలోకి వంగి చూస్తే గోడల నిండా ఆ దెబ్బల గుంటలు, గరిటెతో తోడినట్టు. ఆ రాయిని చూడగానే ఖాజాగూడ గుట్టలు గుర్తొచ్చాయి. అలాంటి రాయే మన గచ్చిబౌలిది కూడా. మా బాల్కనీ ఎదుటే ఒక గుట్టను పేల్చి సెల్లార్ తవ్వారు. ఆ చప్పుడుకు కిటికీ మూసుకున్నానే గాని ఏం పోతోందని ఏనాడూ చూడలేదు. ఈజిప్టువాళ్లు బీటలు వారిన రాయికి కూడా కంచె కట్టి, టికెట్టు పెట్టి కాపాడుకుంటున్నారు.

అక్కణ్నుంచి అబూ సింబెల్‌కు ఎడారిలో సుమారు 280 కిలోమీటర్లు. తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. పెద్ద గుడి రెండో రామ్సెస్‌ది, పక్కనున్న చిన్న గుడి రాణి నెఫెర్తారి పేరున ఉంది. చిన్న గుడి ముఖద్వారం దగ్గర రాణి విగ్రహాలు రాజు విగ్రహాలంత ఎత్తున నిలబడ్డాయి. రాజు మోకాలి దాకా రాణిని చెక్కడమే ఎక్కువగా కనిపించే ఆ దేశంలో అది అరుదు. కానీ నన్ను పట్టి ఆపింది అది కాదు. ఈ గుళ్లు ఇప్పుడున్న చోటు వాటి చోటు కాదు. అస్వాన్ హైడ్యాం నీళ్లలో మునిగిపోతాయని 1964 నుంచి 1968 దాకా ముక్కలు ముక్కలుగా కోసి, 65 మీటర్లు పైకి ఎత్తి, మళ్లీ పేర్చారు. గైడు ఈ కథ చెబుతుంటే మా గుంపులో అందరూ లోకంలో ఇలాంటిది ఇదే మొదలన్నట్టు నోరు తెరిచారు.

నూబియాను కాపాడండని యునెస్కో లోకానికి పిలుపిచ్చింది 1960 మార్చిలో. సాగర్ డ్యాం నీళ్లలో మునగబోతున్న నాగార్జునకొండ లోయలో ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో తవ్వకం మొదలైంది 1954లోనే. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, చైత్యాలు, విహారాలు, స్నానఘట్టం, మెట్ల అరుగులతో ప్రేక్షకశాల, ఆరేళ్లలో అన్నీ వెలికి తీశారు. వాటిలో ముఖ్యమైనవి ఊడదీసి కొండ మీద, అనుపు దగ్గర తిరిగి నిలిపారు. యునెస్కో పిలుపు అందుకుని మన పురావస్తు శాఖ బృందం బి.బి.లాల్ నాయకత్వాన నూబియాకు కూడా వెళ్లి అఫియే దగ్గర తవ్వింది. దేశం ఇంకా బీదదిగా ఉన్న రోజులవి. మన దగ్గర లేవా అని వాళ్లు ఆగలేదు.

ఇదీ నేను చెప్పదలచుకున్నది. అబూ సింబెల్ ముందు నిలబడినప్పుడే సాగర్ నాకు అర్థమైంది. పక్కన పెట్టి చూసుకునే ఇంకొకటి లేనప్పుడు మనదేమిటో మనకు తెలియదు. ముందు ఇంటివి, తరవాత బయటివి అనే వరస చూపుకు పనికిరాదు.

డబ్బు సంగతి దాచను. రెండేళ్ల బోనస్ పక్కన పెట్టి వెళ్లాం. ఆ డబ్బు శంకర్‌పల్లి వైపు ప్లాటుకు అడ్వాన్స్ ఇవ్వొచ్చుగా అన్నవాళ్లున్నారు. స్తోమత లేనివాళ్లు వెళ్లితీరాలని నేను అనను, నాంపల్లికి టికెట్ చాలు. ఏటా విమానమెక్కి సముద్రతీరాలకు పోయేవాళ్లే పాత రాళ్ల దగ్గర లెక్కలు తీస్తారు, నా గొడవ వాళ్లతో.

అస్వాన్‌లో ఆఖరి సాయంత్రం పడవ ఎక్కాం. పడవ నడిపినాయన నూబియావాడు. వచ్చీరాని ఇంగ్లీషులో, ఎగువకు చెయ్యి చూపించి, మా తాత ఊరు ఆ నీళ్ల కింద ఉంది అన్నాడు. ఈజిప్టు వైపు నూబియాలోనే సుమారు 50 వేల మందిని లేపి కోమ్ ఓంబో దగ్గరికి తరలించారు. గుళ్లకు లోకమంతా కదిలింది, మాకు ఇళ్లూ ఖర్జూర చెట్లూ పోయాయి అన్నాడు. మా ఆయన నావైపు చూశాడు. మా అవ్వది ముంపు ఊరు. శ్రీశైలం నీళ్లలో మునిగిన నూరుకు పైగా ఊళ్లలో ఒకటి. 1981లో ఇల్లు వదిలి కర్నూలు వచ్చింది. ఆ ప్రాజెక్టు కిందే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురం చేర్చి మళ్లీ కట్టారు. మంచి పని. అవ్వ ఊరిని మాత్రం ఎవరూ ఎక్కడికీ చేర్చలేదు. నాకు ముప్పై నాలుగేళ్లు. ఆ ఊరెలా ఉండేదని అవ్వను ఒక్కసారీ అడగలేదు. పరాయి దేశంలో పడవాయన చెబితే గాని అడగాలని తోచలేదు.

మే నెలలో శ్రీశైలం నీళ్లు వెనక్కి పోయాక అవ్వను కారులో తీసుకెళ్లాం. ఎండిన ఒండ్రు పలకలు పలకలుగా పగిలి ఉంది. మాకు ఏమీ కనబడలేదు, అంతా ఒకటే బూడిదరంగు. అవ్వ కర్ర ఊతంగా ముందు నడిచింది. ఆంజనేయస్వామి గుడి అరుగు దొరికింది. అక్కడ ఆగి, కుడికి తిరిగి, పెదాలు కదుపుతూ అడుగులు లెక్కపెట్టింది. ఒకచోట కాలితో ఒండ్రు నెట్టింది. రోలు అంచు బయటపడింది. నేను వంగి చేత్తో మట్టి తోశాను, నూరి నూరి నునుపెక్కిన గుంట కనబడింది. "మనదేనా అవ్వా?" అన్నాను.

అవ్వ కర్ర కొనతో రోలు అంచు తడిమింది. "కాదమ్మీ, ఇది పక్కింటోళ్లది. మనది ఇంకా అవతలుండాల" అని నడవసాగింది.