పాత అచ్చు - క్రొత్త బండి

హైదరాబాదునకు తూర్పున, విజయవాడ బాటపై ఉన్న ఎల్.బి. నగర్ కూడలిలో నిలిచి చూచువారికి దాటిపోవు కార్లను లెక్కపెట్టుట సాధ్యము కాదు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుండి ఇచటికి మెట్రో రైలు వచ్చినది. అయినను క్రింది బాటపై కార్ల వరుస తెగుట లేదు. ఈ పేటకు ఎవరి పేరు పెట్టిరో ఆ లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానమంత్రిగా ఉన్న కాలమున ఇంటివారు ఒక ఫియట్ కారు కొన దలచిరి. వెల 12,000 రూపాయలు. చేతిలో ఉన్నది 7,000. తక్కిన 5,000 రూపాయలు శాస్త్రిగారు పంజాబ్ నేషనల్ బ్యాంకు వద్ద అప్పు తీసికొనిరి. 1966 జనవరిలో తాష్కెంటున ఆయన కన్నుమూయునాటికి ఆ అప్పు తీరలేదు. భార్య లలితాదేవి తన పింఛను సొమ్ముతో దానిని తీర్చినది. ఆ కారును న్యూఢిల్లీలోని ఆయన స్మారక మందిరమున భద్రపరచిరి.

ప్రధానమంత్రికే అప్పు లేనిదే సమకూడని కారు ఆ తరము గుమాస్తాలకు, బడిపంతుళ్ళకు కలలోని మాట. వారి పిల్లలకు మంచి కారు బొమ్మయు అట్టిదే. రేకుతో చేసిన చవుక బొమ్మ తిరునాళ్ళలో దొరకెడిది. కాని ఇంజను, చక్రములు, స్టీరింగు, కూర్చుండు పీటలు వేరువేరు ముక్కలుగా పెట్టెలో వచ్చి, వానిని అతికి రంగు వేసినచో అసలు కారులో ఇరువదినాలుగవ వంతో, ఇరువదియైదవ వంతో అయి నిలుచు ప్లాస్టికు నమూనా వేరు. అది విదేశమునకు పోయివచ్చిన వారింటి అద్దాల బీరువాలో కనబడెడిది. బీరువాకు తాళము ఉండెడిది. చూచుటయే గాని ముట్టుట లేదు.

నాడు అద్దమునకు వెలుపల నిలిచిన పిల్లవానికి నేడు అరువది ఏండ్లు దాటినవి. దిల్‌సుఖ్‌నగర్‌లోనో, చైతన్యపురిలోనో, కొత్తపేటలోనో అపార్టుమెంటులో కాపురము. అమెరికాలోని కుమారుడు సెలవులకు వచ్చుచు ఏమి తెమ్మందువని అడిగినచో, ఆయన కొంత సిగ్గుపడి ఒక కారు కిట్టు పేరు చెప్పును. అది యాబది ఏండ్ల నాటి నమూనా. పెట్టెపై అదే చిత్రము, లోపల అవే ముక్కలు. ఒక సంస్థ దానిని మరల విడుదల చేసినది. భోజనపు బల్లపై వార్తాపత్రిక పరచుకొని ఆయన పనికి కూర్చుండును. రంగు వాసనకు ఇల్లాలు కిటికీలు తెరచును. "ఈ వయసున బొమ్మలాటయా?" అని పొరుగువారు నవ్వుదురు. ఇట్టి గృహస్థులు పెక్కుమంది ఉండరు. అయినను వారి పనిపై వచ్చు ఆక్షేపణలు విచారింపదగినవి. వానిలో బొమ్మను మించిన విషయము ఉన్నది.

ఈ పునర్విడుదల ఎట్లు సాధ్యమగునో ముందుగా తెలియవలెను. పాలిస్టైరీన్ అను ప్లాస్టికును కరగించి ఉక్కు అచ్చులోనికి గొప్ప ఒత్తిడితో పంపుదురు. అది చల్లారిన పిదప ముక్కలన్నియు ఒక చట్రమునకు అంటుకొని వెలువడును. ప్లాస్టికు చవుక, అచ్చు మాత్రము మిక్కిలి ప్రియము. ఉక్కుపై ప్రతి గీతను సూక్ష్మముగా చెక్కవలెను. అట్లు చెక్కిన అచ్చు దశాబ్దములు నిలుచును. తన్ను చేయించిన సంస్థ మూతపడినను అది పనికివచ్చును. అమెరికాలోని మిషిగన్ రాష్ట్రమున 1948లో పుట్టిన ఏ.ఎం.టి. సంస్థ, ఒకే పెట్టెలోని ముక్కలతో కారును మూడు విధములుగా కట్టుకొను కిట్టులను 1958లో విడుదల చేసినది. ఆ పేరు తరువాత పలుమారు చేతులు మారినది. రౌండ్ టూ అను సంస్థ దానిని చేపట్టి ఆనాటి నమూనాలను మరల అంగళ్ళకు తెచ్చినది. రెవెల్, మోనోగ్రామ్ అను ప్రసిద్ధ నామములకు యజమానియైన హాబికో 2018లో దివాలా తీసినది. అప్పుడు వాని పాత అచ్చులు పెక్కింటిని అట్లాంటిస్ అను చిన్న సంస్థ కొన్నది. యజమాని పోయినను అచ్చు పోలేదు.

అన్ని అచ్చులును దక్కినవని కాదు. ఏటేట మారు కార్ల మోజును బట్టి, గత సంవత్సరపు అచ్చును కోసి పందెపు కారుగా మార్చుట ఆ సంస్థలకు వాడుకగా ఉండెడిది. అట్లు మారిన అచ్చు నుండి తొలిరూపము మరల రాదు. కావలెనన్నచో క్రొత్తగా చెక్కవలసినదే. చెదపట్టిన తాళపత్ర గ్రంథముల గతి ఏదియో వీని గతియు అదియే.

పునర్విడుదలను నిందించువారిలో ముందు నిలుచువారు సేకర్తలే యగుట వింత. వారి బీరువాలో తొలినాటి పెట్టె ఉండును. దాని పైపొర చింపబడలేదు. ముక్కలు చట్రమును వీడలేదు. అది అరుదైనది గనుక దానికి వెల వచ్చినది. అదే నమూనా నేడు మరల అచ్చుపడి అందరికిని దొరకినచో ఆ వెల పడిపోవునని వారి బాధ. ఈ బాధలో కొంత న్యాయము లేకపోలేదు; సొమ్ము పెట్టి కొన్నవారు నష్టమునకు వగచుట సహజము. కాని వారు ప్రేమించినది కారునా, ఇతరులకు అది లేకపోవుటనా?

ఇట్టి ప్రశ్న గ్రంథముల విషయమున తెలుగువారికి క్రొత్త కాదు. 1854లో మద్రాసున వెలసిన వావిళ్ళవారి ముద్రణాలయము కావ్యములను, పురాణములను మరల మరల ముద్రించి పల్లెటూరి పంతులు ఇంటికి చేర్చినది. పందొమ్మిదవ శతాబ్ది నడుమ వెలువడిన బ్రౌను నిఘంటువు నేటి విద్యార్థి చేతికి వచ్చుట పునర్ముద్రణము చలువయే. తొలిముద్రణపు ప్రతి ఉన్నవాడు దానిని చూచి గర్వింపవచ్చును. కాని పునర్ముద్రణము వలన గ్రంథమునకు అవమానము కలిగినదని ఎవరును అనలేదు. చదువబడని తొలిప్రతికంటె చదివి నలిగిన పదవ ముద్రణము భాషకు ఎక్కువ సేవ చేసినది.

సేకరణము మాటకు వచ్చినచో తెలుగింట బొమ్మల కొలువు ఉన్నది. తరతరముల బొమ్మలను ఇల్లాలు పాతగుడ్డలలో చుట్టి పెట్టెలో దాచును. పండుగ రాగానే వానిని వెలికి తీసి, మెట్లపై అమర్చి, ఇరుగుపొరుగులను పేరంటమునకు పిలుచును. ఏటేట ఒక క్రొత్త బొమ్మను చేర్చుట పెక్కు ఇండ్లలో ఆచారము. అదియు సేకరణమే. అయితే అది నలుగురు చూచుటకై చేసిన సేకరణము. పెట్టె విప్పినచో వెల తగ్గునను శంక ఆ ఇల్లాలికి లేదు.

పునర్విడుదల చేయువారికిని ధర్మము కలదు. పెట్టెపై ఇది పాత అచ్చునకు మరుముద్ర అని స్పష్టముగా చెప్పవలెను. అచ్చు అరిగినచో ముక్కల అంచులయందు ప్లాస్టికు పలుచని పొరగా పొంగి వచ్చును. కొనినవాడు దానిని గోకి, గరుకుకాగితముతో రుద్ది సరిచేసికొనవలెను. అరిగిన అచ్చును బాగుచేయక, పాత చిత్రము చూపి అధిక వెల గుంజుట జ్ఞాపకములతో చేయు వ్యాపారము. తప్పులు దిద్దక మరల ముద్రించు ప్రచురణకర్తకును, వీరికిని భేదము లేదు.

పాత అచ్చుల విషయమున భారతదేశము చరిత్ర మరచిపోరానిది. ఇంగ్లండున లివర్‌పూల్‌లోని మెకానో సంస్థ డింకీ అను పేర లోహపు చిన్న కార్లను చేసెడిది. వాని అచ్చులు కొన్ని 1960ల చివర కలకత్తాకు వచ్చినవి. ఇచటివారు ఆ బొమ్మలకు నిక్కీ అను పేరు పెట్టి పోతపోసిరి. నేడు వానిని విదేశీయులు వెదకి కొనుచున్నారు. బొమ్మల మాట అటుండ, నిజమైన కార్లును అట్లే వచ్చినవి. ఇంగ్లండు 1959లో మానివేసిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారే కలకత్తా సమీపమున ఉత్తరపాడాలో అంబాసిడరుగా 2014 మే వరకు తయారైనది. శాస్త్రిగారి ఫియటు జాతి కారు 1970లలో పద్మిని అను కావ్యోచితమైన పేరు దాల్చి ఇరువదవ శతాబ్ది చివర వరకు బొంబాయిలో పుట్టుచుండెను. దొరలకు పాతబడిన ఆ బండ్లే ఇచట పెండ్లికొడుకును ఊరేగించినవి, పురిటి నొప్పుల వేళ ఆస్పత్రికి చేర్చినవి. అచ్చు పరాయిది, జీవితము ఇచటిది. మరుముద్ర అసలునకు ఎన్నడును సాటిరాదను వాదమును అంబాసిడరు ఒక్కటే త్రోసిపుచ్చును.

ఇక రెండవ ఆక్షేపణ. ఇది పెద్దలకు పనికిమాలిన ఆట యనియు, ప్లాస్టికు చెత్త యనియు, డబ్బు దండుగ యనియు అందురు. ప్లాస్టికు చెత్తయగుట పారవేసినపుడు. ఒక మాసము శ్రమించి కట్టిన బండిని ఎవరును పారవేయరు. దండుగ మాట ఎవరి సంచిని బట్టి వారికి తెలియును. పనికిమాలినదా అను ప్రశ్నకు సమాధానము దిల్‌సుఖ్‌నగర్ వీధులలోనే వెదకవలెను.

ఈ పేట పోటీపరీక్షల శిక్షణాలయములకు పెట్టినది పేరు. నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము జిల్లాల నుండి వచ్చిన యువకులు ఇరుకైన హాస్టలు గదులలో ఉండి రేయింబవళ్ళు చదువుదురు. వారి పట్టుదలకు చేయెత్తి నమస్కరింపవలసినదే. కాని ఇన్నేండ్ల చదువులో వారి చేయి నేర్చిన పని ఏది? నాలుగు సమాధానములలో ఒకటి ఎంచి, దాని వలయమును నల్లగా నింపుట. కారు కిట్టులో సూచనల కాగితము ఉండును గాని ఎంచుకొనుటకు నాలుగు సమాధానములు ఉండవు. ఇంజను ముందుగా అమర్చవలెనా, చట్రమునకు ముందుగా రంగు వేయవలెనా అని ఆలోచింపవలెను. అందలి జిగురు ప్లాస్టికును కొంత కరగించి రెండు ముక్కలను ఏకము చేయును. తొందరపడి వంకరగా అతికినచో విడదీయుట కష్టము. తప్పునకు మార్కులు కోయువారు లేరు. తప్పు బండిలోనే నిలిచి కనబడుచుండును. ఓర్పు అనునది ఇట్లు చేతికి వచ్చును.

ఇది పాశ్చాత్యుల విద్య మాత్రమే యనుకొనరాదు. ఎల్.బి. నగర్ నుండి సాగు ఆ విజయవాడ బాటయే ఇబ్రహీంపట్టణము చేరునప్పటికి కొండపల్లి చేరువలోనే ఉండును. అచటి కళాకారులు తెల్లపొణికి కఱ్ఱతో కాళ్ళు, చేతులు, తల వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతికి, సున్నము పూసి రంగులు దిద్దుదురు. ఎడ్లబండియు, అంబారీ ఏనుగును అట్లే పుట్టినవి. ముక్కలను కూర్చి రూపము కట్టు ఈ పని తెలుగు చేతికి పాతదే. హైదరాబాదులోనే బహదూర్‌పురాలో కె. సుధాకర్ 2010లో నెలకొల్పిన సుధా కార్ల ప్రదర్శనశాలలో క్రికెట్టు బ్యాటు మొదలుగా చిత్రవిచిత్రాకృతులలో చేత నిర్మించిన, నడచు కార్లు ఉన్నవి. వానిని చూచి అబ్బురపడు నగరము, భోజనపు బల్లపై చిన్న కారు కట్టు వృద్ధుని చూచి నవ్వుట తగునా?

కేంద్రప్రభుత్వము బొమ్మల దిగుమతి సుంకమును 2020లో 20 శాతము నుండి 60 శాతమునకు, 2023లో 70 శాతమునకు పెంచినది. సుంకపు పట్టికలో ఈ చిన్న నమూనాలును బొమ్మల వరుసలోనివే. స్వదేశపు పనివారిని కాపాడుట ఉద్దేశ్యము, ఉద్దేశ్యము మంచిదే. అయితే సుంకము గోడ కట్టును గాని అచ్చు చెక్కదు. ఆ గోడ చాటున అంబాసిడరు, పద్మిని, ఆటోరిక్షా, ఎఱ్ఱబస్సు మన పిల్లలు ముక్కలు కూర్చి కట్టుకొను కిట్టులుగా చవుకగా వెలువడవలెను. పాఠశాలలలో వారమునకు ఒక గంట వానికి కేటాయింపవలెను. అట్లు జరిగినపుడే సుంకము సార్థకము. లేనిచో నాడు అద్దాల బీరువాకు వేసిన తాళమే నేడు రేవు గేటునకు వేసినట్లగును.

తెలుగున అచ్చు అను మాటకు అర్థములు పెక్కు. బొమ్మను పోయునదియు అచ్చే, గ్రంథమును ముద్రించునదియు అచ్చే. బాకీ చెల్లించుటను అచ్చుకొనుట అందురు. నాడు లలితాదేవి అచ్చుకొన్నది బ్యాంకు బాకీ. దిల్‌సుఖ్‌నగర్ గృహస్థు భోజనపు బల్లపై అచ్చుకొనుచున్నది తన బాల్యపు బాకీ. అది ఆలస్యముగా తీరుచున్నదే గాని అన్యాయమైనది కాదు. అయితే ఆయన కట్టిన కారును మరల తాళపు బీరువాలో పెట్టరాదు. మనుమని పిలిచి, రెండవ పెట్టె విప్పి, మొదటి ముక్కను వాని చేతికి ఇయ్యవలెను.