ఐదు వోల్టులా, మూడు పాయింట్ మూడా?

"షెన్‌జెన్ వెళ్ళొచ్చా" అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఏం కొన్నావ్?" అని. రెండోది "మన దగ్గర అలా ఎప్పుడొస్తుందిరా?" అని. మొదటిదానికి జవాబు తేలిక. ఒక సెన్సర్ కొన్నాను. రెండోదాని గురించే ఈ నాలుగు మాటలు.

ఎక్స్ఛేంజ్ సెమిస్టర్ కోసం హాంకాంగ్‌లో ఉన్నప్పుడు ఒక శనివారం నలుగురం బయల్దేరాం. ఈస్ట్ రైల్ లైన్‌లో లోవూ స్టేషన్ దాకా వెళ్ళి, ఇమిగ్రేషన్ దాటి, షెన్‌జెన్ నది మీది వంతెన నడిచి దాటితే అవతలి ఊరే. వీసా ముందే తీసుకున్నాం. హాంకాంగ్‌లో బళ్ళు ఎడమవైపు నడుస్తాయి, అక్కడ కుడివైపు. డబ్బులూ వేరే. మాలో అలీపే సెట్ చేసుకున్నవాడు ఒక్కడే కాబట్టి సాయంత్రం దాకా వాడే మా బ్యాంకు. గూగుల్ మ్యాప్‌లో చుక్క ఒక వీధిలో, మేం ఇంకో వీధిలో. చైనా మ్యాపులకు జీసీజే-02 అనే వేరే కోఆర్డినేట్ పద్ధతి ఉందని, అందుకే వందల మీటర్ల తేడా వస్తుందని తర్వాత చదివాను.

మెట్రో ఒకటో లైన్ ఎక్కి హువాచియాంగ్‌బెయ్ చేరాం. ప్రపంచంలోని పెద్ద ఎలక్ట్రానిక్స్ బజార్లలో ఒకటి. ఎదురుగా సెగ్ ప్లాజా టవర్. 2021 మేలో ఊగిపోయి జనం బయటికి పరుగులు తీసింది ఇందులోంచే. పైనున్న మాస్ట్ గాలికి కంపించడం వల్లే అలా జరిగిందని తేల్చి దాన్ని తీసేశారు. రెజొనెన్స్ మీద మనం రాసే ఐదు మార్కుల ప్రశ్నకు ఇంతకంటే మంచి ఉదాహరణ ఏముంటుంది?

లోపల మాత్రం ఆర్భాటం ఏమీ లేదు. పాన్ డబ్బా అంత అంత కౌంటర్లు, వరసలు వరసలు. ఒకచోట కనెక్టర్లు మాత్రమే, ఇంకోచోట ఎల్‌ఈడీలు మాత్రమే. కెపాసిటర్లు రీళ్ళ కొద్దీ. కౌంటర్ వెనకే భోజనం, అక్కడే పిల్లల హోంవర్క్. బేరమంతా కాలిక్యులేటర్ మీదే.

ఒక ఆవిడ దగ్గర హెచ్‌సీ-ఎస్‌ఆర్04 అల్ట్రాసోనిక్ సెన్సర్ కనిపించింది. పాత స్నేహితుణ్ణి చూసినట్టయింది. సెకండియర్ మినీ ప్రాజెక్ట్‌లో మేం చేసిన "అంధులకు స్మార్ట్ స్టిక్"లో ఉన్నది అదే కదా! ఒకటి ఇమ్మన్నాను. ఆవిడ ట్రాన్స్‌లేషన్ యాప్‌లో ఏదో అడిగింది. ఫోన్ చదివింది: "ఐదు వోల్టులా, మూడు పాయింట్ మూడా? ఏ బోర్డుకి పెడతావు?"

నాకు తెలీదు.

నిజం చెప్పాలంటే ఆ స్టిక్ మేం చేయలేదు, కొన్నాం. రిపోర్ట్‌తో, పీపీటీతో సహా ప్యాకేజీ. వైవాలో దాన్ని గోడ దగ్గరికి తీసుకెళ్తే బీప్ అంది, మార్కులు పడ్డాయి. బీప్ ఎందుకు అందో నన్నెవరూ అడగలేదు, నేనూ అడగలేదు. బడి గడప తొక్కిందో లేదో తెలీని ఆవిడ అడిగిన మామూలు ప్రశ్న, నా బీటెక్‌లో నాకెదురైన కష్టమైన వైవా అయింది.

తిరుగు రైల్లో పెద్ద గొడవ. "గవర్నమెంట్ తలచుకుంటే అంతే మరి" అని ఒకడు. "అన్నీ కాపీలేరా" అని ఇంకొకడు. ఇద్దరితోనూ నాకు పేచీయే. 1980లో ప్రత్యేక ఆర్థిక మండలి పెట్టాకే ఊరు పెరిగిందన్నది నిజం. "చేపలు పట్టే పల్లె నగరమైంది" అన్నది మాత్రం సగం కథ. అప్పటికే అక్కడ మూడు లక్షల పైచిలుకు జనం ఉన్నారు. 2020 లెక్కల్లో కోటీ 75 లక్షలు. ఈ ఊరిని కట్టింది ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చిన కుర్రకారు. వాళ్ళలో చాలామందికి అక్కడి శాశ్వత నివాస నమోదు, అంటే హుకో, ఇప్పటికీ లేదు. కాబట్టి ఆ ఊరిని దేవుణ్ణి చేసి మొక్కక్కర్లేదు. ఇక కాపీల సంగతి. కాపీ కొట్టాలన్నా వస్తువు విప్పాలి, లోపల ఏముందో తెలియాలి. మేం కాపీ కూడా కొట్టలేదు, కొనుక్కున్నాం.

"అలాంటి బజారు మనకుంటేనా..." అనే మాట కూడా వద్దు. హైదరాబాద్ కోఠీలో గుజరాతీ గల్లీ ఉంది. అంత పెద్దది కాకపోవచ్చు గానీ, ఒక స్టిక్‌కి సరిపడా సామాను దొరకదా? మనలో ఎంతమందిమి వెళ్ళాం? చేసి చెడగొట్టినవాడి కన్నా కొని చూపించినవాడికే ఎక్కువ మార్కులు వస్తున్నంత కాలం ఎవరు మాత్రం ఎందుకు వెళ్తారు?

అందుకే మన డిపార్ట్‌మెంట్లకి నాదొక విన్నపం. వైవాలో ప్రాజెక్ట్ నడుస్తోందా అని చూడకండి. ఒక వైరు పీకి, పావుగంట టైమిచ్చి, ఏది పోయిందో కనుక్కోమనండి. పని చేయని ప్రాజెక్ట్‌కైనా, ఎందుకు పనిచేయట్లేదో చెప్పగలిగితే మార్కులివ్వండి. ల్యాబ్ సాయంత్రం ఐదింటికే మూసేయకుండా ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచండి. వీటికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, ఎంవోయూలు అక్కర్లేదు.

జూనియర్లు "అన్నా, ప్రాజెక్ట్ ఎక్కడ దొరుకుతుంది?" అని నాకు మెసేజ్ పెడుతూనే ఉంటారు. నంబర్ ఇవ్వను. గుజరాతీ గల్లీకి తోడు రమ్మంటే వస్తాను. ఆ సెన్సర్ ఐదు వోల్టులది. ఇప్పుడు తెలుసు, ఎందుకంటే మొదట మూడు పాయింట్ మూడుకి పెట్టి ఒక పూటంతా తల పట్టుకు కూర్చున్నాను.