ఏసీ కొనే ముందు శ్లాబ్ చూడండి

ఎండాకాలం బెజవాడలో సూర్యుడు డ్యూటీ దిగగానే ఇంటి శ్లాబ్ డ్యూటీ ఎక్కుతుంది. పగలంతా తాగిన ఎండని రాత్రంతా గదిలోకి వదులుతుంది. గవర్నర్‌పేటలో పై అంతస్తులో అద్దెకుండేవాళ్లని అడగండి, రాత్రి పదకొండుకి కూడా ఫ్యాన్ వేడి గాలే కొడుతుందంటారు. పక్కనే కృష్ణ, ఊళ్లో కాలువలు. ఉక్కపోత అదనం.

మనకు తెలిసిన మందు ఏసీ. అది గదిలో వేడిని తీసి సందులోకి తోస్తుంది. బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల ఇరుకు సందుల్లో అయితే మీ ఔట్‌డోర్ యూనిట్ వేడి ఎదురింటి కిటికీలోకే. దాంతో వాళ్లూ ఏసీ కొంటారు. సందు ఇంకా కాలుతుంది.

స్మార్ట్ బిల్డింగ్ అనగానే ఫోన్లో నొక్కితే ఆరే లైట్లు గుర్తొస్తాయి. అవీ మంచివే. కానీ లోపలికొచ్చిన వేడిని బయటికి తోలడం కంటే, రాకుండా ఆపడం చవక. హైదరాబాద్‌లో 2004లో అబ్దుల్ కలాం ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటర్‌నే చూడండి. అమెరికా బయట లీడ్ ప్లాటినం రేటింగ్ తెచ్చుకున్న తొలి భవనం అది. మధ్యలో ఆకాశం కనిపించే ముంగిలి, గాలాడే జాలీ గోడలు, కప్పు మీద మొక్కలు. మండువా లోగిలి కట్టిన మన తాతలకి ఇందులో సగం తెలిసిందే!

మరి మన ఇళ్లు ఇలా ఎందుకున్నాయి? భవనాల్లో కరెంటు పొదుపు కోసం కేంద్రం 2007లో ఒక కోడ్ తెచ్చింది, అది పెద్ద వాణిజ్య భవనాలకి. ఇళ్ల కోసం 2018లో ‘ఎకో నివాస్ సంహిత’ వచ్చింది, అదేమో 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాల స్థలం నుంచి. తెలంగాణ 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం కూడా 600 గజాల లోపు ఇళ్లని యజమాని ఇష్టానికే వదిలేసింది. మనం అద్దెకుండే ఇళ్లలో ఎక్కువ భాగం ఆ లోపువే.

అసలు మెలిక ఇంకోటుంది. శ్లాబ్ పోసేది ఓనర్, కరెంటు బిల్లు కట్టేది మనం. యూనిట్లు పెరిగేకొద్దీ రేటూ పెరుగుతుంది. ఇల్లు చల్లగా ఉంటే లాభం మనది, ఖర్చు ఆయనది. ఇక ఆయన ఎందుకు కదుల్తారు?

అందుకే అడ్వాన్స్ ఇచ్చే ముందే మూడు చూసుకోండి. పడక గది గోడ పడమటి ఎండకి ఉందా? కిటికీలకి సన్‌షేడ్ ఉందా? ఎదురెదురు కిటికీలు తెరిస్తే గాలి ఆడుతుందా?

ఇప్పటికే దిగిపోయారా? అయితే డాబా మీద తెల్ల సున్నమో, కూల్ పెయింటో వేయించమని ఓనర్ గారిని అడగండి. పై గదిలో 2 నుంచి 5 డిగ్రీల దాకా తేడా రావచ్చని అంచనా. ఖర్చు ఏసీ ధరతో పోలిస్తే చాలా తక్కువ, సగం మీరు పెట్టుకుంటామన్నా గిట్టుబాటే. ఏసీ ఉంటే 24 మీద పెట్టండి. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ లెక్క.

ఈ బేరం ఏప్రిల్‌లో కాదు, సంక్రాంతి వెళ్లగానే మొదలుపెట్టండి. ఎండలు ముదిరాక పెయింటర్లూ దొరకరు, ఓనర్లూ దొరకరు.