మాటల మూట: మందుపాతర

ఈ మాసమున మేము విచారింపఁబూనిన మాట వార్తాపత్రికలలో తఱచుగ కనఁబడునదియే. భద్రాచలము దాటి చర్ల, వెంకటాపురము, వాజేడు వైపు అడవి యంచున కాపురముండు వారికి మాత్రము అది పత్రికలోని మాట కాదు, కాలి క్రింది భయము.

మందు, పాతర యను రెండు తెలుగు పదములు చేరి యీ సమాసమైనది. రోగమును మాన్పునది మందు. తుపాకిలో దట్టించు నల్లని పొడియు మందే. గంధకమును, బొగ్గును, పెట్లుప్పును మూలికలవలెనే నూఱి కలుపుదురు గనుక ఆ పేరు దీనికిని చెల్లినదని మాకు తోఁచుచున్నది. దీపావళినాఁడు పిల్లలు కాల్చునదియు, సైన్యము వాడునదియు మందుగుండు సామానే కదా!

ఇఁక పాతర యనఁగా ధాన్యము దాఁచు గొయ్యి. ‘పాతు’ అను క్రియతో చుట్టఱికము గల మాట. మెరక నేలలో గొయ్యి త్రవ్వి, అడుగునను ప్రక్కలను గడ్డి పఱచి, జొన్నలు పోసి, పైని మన్ను కప్పెడివారు. కఱవునాఁడు బిడ్డల కడుపు నింపినది ఆ పాతరయే. ‘న్యాయమునకు పాతర వేసిరి’ అనునప్పుడు పూడ్చిపెట్టుట యని యర్థము.

ఇతర భాషలవారు ఈ యాయుధమునకు వేఱు విధముగ పేరిడిరి. ఆంగ్లేయులు గని యను మాటనే వాడుదురు, హిందీవారు సురంగమందురు. కౌటిల్యుని యర్థశాస్త్రమున ‘సురుంగ’ యను పదము సొరంగమను నర్థమున కలదు. కోటగోడ క్రిందికి సొరంగము త్రవ్వి మందు దట్టించి పేల్చుట పూర్వపు యుద్ధరీతి. వారి మాటలలో కోట యున్నది. మన మాటలో ఇల్లున్నది.

2003 అక్టోబరు 1వ తేదీన తిరుపతి యలిపిరి కడ ముఖ్యమంత్రి కారుపై మందుపాతరలు పేలినప్పుడు ఈ మాట తెలుగునాట ఇంటింట వినఁబడినది. పిదప టిఫిను బాంబు, కుక్కరు బాంబు అను పేళ్లును పత్రికల కెక్కినవి. అన్నము వండు పాత్రయు, అన్నము మోయు డబ్బాయు ఆయుధములైనవన్నమాట. అడుగు మోపినంతనే పేలుదానిని ప్రెషరు బాంబందురు. దానికి పోలీసుకాలును, కట్టెలు తెచ్చుకొను కాలును ఒక్కటే. 2024 జూను నెలలో, 2016 వఱకు ఖమ్మము జిల్లాలోనిదైన వాజేడు మండలమున, కొంగాల యడవికి వంటచెఱకు కై పోయిన యొక గృహస్థు ఇట్లే ప్రాణము కోల్పోయెను.

ధాన్యపు పాతరను తెఱచిన వెంటనే అందు దిగరాదనియు, లోని చెడుగాలి ప్రాణము తీయుననియు మన పెద్దలు హెచ్చరించెడివారు. ఈ పాతరకును హెచ్చరిక వలయును. ఇప్పపువ్వు ఏఱుటకో, తునికాకు కోయుటకో పోవువారు అడవిలో తీఁగెగాని, డబ్బాగాని, క్రొత్తగ త్రవ్వి పూడ్చిన మన్నుగాని కనఁబడిన ముట్టరాదు. వచ్చిన యడుగుల వెంటనే వెనుకకు మరలి ఊరివారికిని పోలీసులకును తెలుపవలయును. పిల్లలకిది పాఠమువలె మరల మరల చెప్పవలయును. పాతినవారు ఆ తావు విడిచిపోయినను పాతినది నేలలోనే యుండును.

మఱియొక్క మాట. మందుపాతర తెలుగు పదము. ఆ యడవులలో తిరుగు తల్లులలో పెక్కుమందిది కోయభాష. కావున ఈ హెచ్చరికను వారి మాటలోనే వారికి చేర్పవలయును. కోయభాష నెఱిఁగిన సోదరీమణులు ఈ పనికి పూనుకొందురుగాక!