వేడి కనబడుతుంది... మనిషి కనబడడు!

పోలీసు తుపాకీకి చీకట్లో చూసే కన్ను కావాలా? కావాలనే మేమూ అంటాం. రాత్రి డ్యూటీ చేసే కానిస్టేబుల్ కూడా మన ఇంటి బిడ్డే. ఎదుట ఏముందో తెలియని చీకట్లోకి అతన్ని పంపడం అన్యాయం. అయితే ఆ కన్ను ఎట్లాంటిది, ఏం చూసి ఎంచుకుంటున్నారు, అది ఎవరి మీద వాలుతుంది అని అడిగే హక్కు జనానికి ఉంది. పోలీసు బలగాల ఆధునీకరణ పథకంలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం పెట్టినా, రెండు పైసలూ మన జేబులోవే.

థర్మల్ క్లిప్-ఆన్ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. తుపాకీ మీద పగటిపూట వాడే స్కోప్ ముందు తగిలించే చిన్న కెమెరా అది. వెలుతురుతో దానికి పనిలేదు. మనిషి, జంతువు, ఇంజన్ నుంచి వచ్చే వేడినే బొమ్మగా మార్చి స్కోప్‌కు చూపిస్తుంది. పని అయిపోతే తీసి సంచిలో పెట్టుకోవచ్చు. తుపాకీని మళ్లీ గురి సరిచేయాల్సిన పని ఉండదు. అమ్మేవాడు చెప్పేది ఇంతవరకే. చెప్పనిది చాలా ఉంది.

కంపెనీ కరపత్రం పక్కన పెట్టి, ఒక రాత్రి చేవెళ్ల, మొయినాబాద్ పొలాల్లోకి పోదాం. ఆ వేళ బయట ఎవరుంటారు? అడవి పందుల నుంచి పంటను కాపాడుకోవడానికి మంచె మీద కూర్చున్న రైతు ఉంటాడు. మోటరు చూసుకోవడానికి బాయికాడికి పోయినాయన ఉంటాడు. తెల్లారేసరికి కూరగాయలు, పూలు పట్నం చేర్చాలని బండికి ఎక్కించే ఆడవాళ్లుంటారు. మంద పక్కన పడుకున్న గొర్లకాపరి, ఫాంహౌస్ గేటు కాడ కావలి మనిషి ఉంటారు. దొంగ కూడా ఉండవచ్చు. థర్మల్ కంటికి వీళ్లందరూ ఒక్కటే. తెల్లటి మరక! గొంగడి కప్పుకున్న మనిషి ఒంటి వేడి సగం లోపలే ఆగిపోతుంది. ముఖమంత మరక మాత్రం కనబడుతుంది. అది మనిషా, పందా? చేతిలో ఉన్నది కట్టెనా, తుపాకా? ఎవరు చెప్పాలి?

ఈ ప్రశ్నకు శాస్త్రం ఎప్పుడో జవాబు చెప్పింది. అమెరికా సైన్యం పరిశోధనశాలలో పనిచేసిన జాన్ జాన్సన్ 1958లో ఒక లెక్క కట్టాడు. ఏదో ఉందని పసిగట్టడం వేరు, అది మనిషని పోల్చుకోవడం వేరు, ఎట్లాంటి మనిషో గుర్తుపట్టడం వేరు. పసిగట్టడానికి బొమ్మలో రెండు చుక్కలు చాలు. పోల్చుకోవడానికి ఎనిమిది, గుర్తుపట్టడానికి పదమూడు దాకా కావాలి. 640×512 చుక్కలు, 12 మైక్రాన్ల సెన్సర్, 50 మిల్లీమీటర్ల లెన్స్ ఉన్న మంచి పరికరాన్నే తీసుకోండి. ఈ లెక్కన సుమారు 1500 మీటర్ల దూరంలో మనిషిని పసిగడుతుంది. మనిషేనని పోల్చుకోవాలంటే 400 మీటర్ల లోపుకు రావాలి. గుర్తుపట్టాలంటే 250 మీటర్లు. అదీ సగంసార్లే సరిగా వస్తుందని జాన్సన్ లెక్క సారాంశం. ముఖం గుర్తుపట్టడమన్న మాట అసలే లేదు. లెన్స్ 25 మిల్లీమీటర్లదైతే ఈ దూరాలన్నీ సగానికి పడిపోతాయి. కరపత్రంలో పెద్ద అక్షరాలతో వేసేది మొదటి అంకె. తూటా వదలడానికి కావలసింది చివరి అంకె.

మన నేల సంగతి కూడా చూడాలి. ఎండాకాలం పగలంతా కాగిన బండరాయి పొద్దుగూకినా మనిషి ఒంటి వేడికి దగ్గరగానే ఉంటుంది. ఆ వేళ రాయికీ మనిషికీ తేడా చెరిగిపోతుంది. వాన, పొగమంచు చూపును తగ్గిస్తాయి. గాజును ఈ కన్ను దాటలేదు. కారు అద్దాల వెనుక, ఫాంహౌస్ కిటికీ వెనుక ఎందరున్నారో చెప్పలేదు. చేవెళ్ల రోడ్డు మర్రి చెట్టు ఊడల వెనుక నిలబడ్డ మనిషినీ చూపించలేదు.

ఇక తుపాకీ సంగతి. మామూలు ఇన్సాస్ మీద ఉండేది ఇనుప గురి. క్లిప్-ఆన్ పనిచేయాలంటే దాని వెనుక పగటి స్కోప్ ఉండాలి, రెండింటినీ ఒకే వరసలో పట్టి ఉంచే రైలు పట్టీ ఉండాలి. ఈ రెండూ లేని తుపాకీకి క్లిప్-ఆన్ కొనడమంటే ఎద్దు లేకుండా కాడి కొన్నట్టే. స్కోప్ నాలుగైదు రెట్లకు మించి పెద్దది చేస్తే బొమ్మ చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. కాబట్టి స్కోప్‌కూ క్లిప్-ఆన్‌కూ జత కుదరాలి.

కొనేవాళ్లు టెండరులో రాయాల్సినవి ఇవి. క్లిప్-ఆన్ తగిలించినప్పుడు, తీసినప్పుడు, మళ్లీ తగిలించినప్పుడు తూటా ఎక్కడ పడుతున్నదో మన తుపాకీ మీద, మన తూటాతో కొలిచి చూడాలి. వందల తూటాల తన్నుకు అది కదలకుండా ఉండాలి. సెకనుకు తొమ్మిది బొమ్మలు చూపే చవకరకం వద్దు. పరుగెత్తే మనిషి సెకనుకు 5 మీటర్లు పోతాడనుకుంటే, బొమ్మకూ బొమ్మకూ మధ్య అర మీటరుకు పైగా జరిగిపోతాడు. సెకనుకు 50 బొమ్మలైతే ఆ తేడా 10 సెంటీమీటర్లే. తనను తాను సరిచేసుకునేటప్పుడు బొమ్మ ఒక్క క్షణం ఆగిపోతుంది. అది ఎంతసేపో రాయించాలి. బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుంది, చెడిపోతే ఎక్కడ బాగుచేస్తారో తేల్చాలి. రాత్రి చూపు పరికరాలు మచిలీపట్నంలోని భారత్ ఎలక్ట్రానిక్స్‌లోనే తయారవుతుంటే, విడిభాగం కోసం ఏడాదిపాటు సముద్రాల వైపు చూసే గతి ఎందుకు?

వీటన్నిటికంటే పెద్ద మాట ఇంకొకటి ఉంది. కన్ను తుపాకీకే ఉంటే, చూడాలన్నా తుపాకీ ఎక్కుపెట్టాల్సిందే! తప్పిపోయిన పిల్లను వెతకాలన్నా, పొలంలో కదిలేది పందా మనిషా తెలుసుకోవాలన్నా ముందుగా తిరిగేది తుపాకీ మొన. ఇది ఏ న్యాయం? అందుకే చేతితో పట్టుకుని చూసే థర్మల్ పరికరం ముందు రావాలి. వెతకడం దానితో, పోల్చుకోవడం దానితో. క్లిప్-ఆన్ కొన్నా తీసి చేతిలో పట్టుకుని చూడగలిగే రకమే కొనాలి. తుపాకీ మీద తగిలించడం ప్రత్యేక శిక్షణ పొందిన కొద్దిమందికే, అధికారి రాతపూర్వక అనుమతితోనే జరగాలి. మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో పోలీసు కుక్కలకు నెలల తరబడి శిక్షణ ఇస్తున్నారు. వాసన పట్టే కుక్కకే అంత శిక్షణ కావాల్సి వస్తే, ప్రాణం తీసే చూపుకు ఒక పూట డెమో సరిపోతుందా?

గురి తప్పడం కంటే మనిషిని తప్పుగా పోల్చుకోవడం ఎంత ఘోరమో దేశం చూసింది. 2021 డిసెంబర్ 4న నాగాలాండ్‌లోని ఓటింగ్ దగ్గర, పని ముగించుకుని బండిలో ఇంటికి వస్తున్న ఆరుగురు బొగ్గు కార్మికులను తీవ్రవాదులనుకుని సైనికులు కాల్చి చంపారు. అక్కడ తూటాలు గురి తప్పలేదు. తప్పింది గుర్తింపు.

మన జిల్లాకే వద్దాం. 2019 డిసెంబర్ 6 తెల్లవారుజామున షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధాలు లాక్కుని మా మీద కాల్చారని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ ఆ కథనాన్ని నమ్మలేదు. చనిపోయినవాళ్లలో ముగ్గురు మైనర్లని 2022లో వెలుగుచూసిన దాని నివేదిక చెప్పింది. చీకట్లో ఎదురుపడ్డారు, వాళ్లే ముందు కాల్చారు, ఆత్మరక్షణ కోసం కాల్చాం అనే మాట తెలంగాణ పల్లెలు దశాబ్దాలుగా వింటున్నాయి. ఆ కథల్లో చీకటి ఎప్పుడూ పోలీసు పక్షాన సాక్షిగానే నిలబడింది.

థర్మల్ కన్ను వస్తే ఆ సాక్ష్యం చెల్లదు. చీకట్లో చూడగలిగినవాడు చూసినదానికి జవాబు చెప్పాలి. అందుకే రికార్డు చేసే సదుపాయం లేని పరికరం కొననే కొనవద్దు. తేదీ, సమయంతో సహా బొమ్మ నమోదు కావాలి. వాడినవాడికి దాన్ని చెరిపే వీలుండకూడదు. 2014లో పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టు ఎన్‌కౌంటర్ మరణాలపై మార్గదర్శకాలిచ్చింది. ఎఫ్‌ఐఆర్ కట్టాలని, స్వతంత్ర దర్యాప్తు జరగాలని, కాల్చిన ఆయుధాన్ని ఫోరెన్సిక్ పరీక్షకు అప్పగించాలని చెప్పింది. తుపాకీతో పాటు దాని కన్నునూ, అది దాచుకున్న బొమ్మలనూ అప్పగించాలన్నదే మా డిమాండ్.

టెండరు షరతులు, పరీక్షల ఫలితాలు జనం ముందు పెట్టండి. పరీక్షలు ఏసీ హాళ్లలో కాదు, వేసవి సాయంత్రం బండరాళ్ల నడుమ, వానాకాలం రాత్రి పొలం గట్టు మీద జరపండి. గొంగడి కప్పుకున్న మనిషిని, కట్టె పట్టుకున్న మనిషిని, తుపాకీ పట్టుకున్న మనిషిని ఎదుట నిలబెట్టి ఎవరు ఎవరో చెప్పమనండి. ఎంత దూరంలో తప్పకుండా చెప్పగలిగితే అంతే దాని అసలు దూరం. ఆ దూరం దాటి ట్రిగ్గర్ మీద వేలు పెట్టగూడదని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వండి. చేవెళ్ల రైతు రాత్రిపూట తన పొలానికి నిర్భయంగా పోగలగాలి. ఆ కన్ను కొనేముందు సర్కారు ఇవ్వాల్సిన హామీ ఇదే.