పంట తొట్టిలో, నిలువ యెక్కడ?

మన కళాశాల వృక్షశాస్త్ర శాఖవారి స్పైరులినా తొట్టికి తోడు రెండవ తొట్టి కట్టింపవలెనను ప్రతిపాదన కమిటీ ముందున్నది. మేము దానిని కాదనము. కాని గత వేసవిలో మేము వడకట్టిన పచ్చిముద్దను ఒక్క రాత్రి బేసినులో మూతపెట్టి యుంచితిమి. తెల్లవారుసరికది దుర్గంధముతో కాలువ పాలయ్యెను. పెంచుట నేర్చితిమి, ఉంచుట నేర్వలేదు.

గుడ్డలో వేసి పిండిన తరువాతను ఆ ముద్దలో నూటికి 80 పాళ్లు నీరే. అందలి కణములు ఇంకను శ్వాసించుచునే యుండును. కుప్పలో వెలుతురుండదు, గాలి ఆడదు. ప్రాణవాయువు తరిగినకొలది కణములు తమ పిండిపదార్థమును పులియబెట్టుకొని, క్రమముగా చితికి, బాక్టీరియాకు విందగును. క్లోరెల్లా కణకవచము గట్టిది. స్పైరులినా కవచమున సెల్యులోజు లేదు. సులభముగా జీర్ణమగుటకు ఏది కారణమో, త్వరగా చెడుటకును అదియే కారణము.

అయితే దోషమంతయు బేసినుది కాదు. ఎండ తీక్ష్ణమై నత్రజని కొరవడినచో కణములలో మాంసకృత్తులు తగ్గి పిండిపదార్థము పెరుగును. పగలు కూడబెట్టిన దానిని అవి రాత్రి వ్యయపరచును. కావున ఉదయము తీసిన ముద్దలో మాంసకృత్తుల పాలు హెచ్చు; పైగా ఆరబెట్టుటకు పగలంతయు చేతిలో నుండును. మేమో, ప్రయోగ తరగతులు ముగిసిన పిదప సాయంత్రము 4 గంటలకు వడకట్టుచున్నాము! అది టైంటేబులునకు అనుకూలమే గాని శైవలమునకు కాదు.

కడుగుటయందును పొరపడితిమి. పి.హెచ్. 10 వరకు నుండు తొట్టి ద్రవము పరాయి క్రిములను చాలవరకు అణచియుంచును. ఆ లవణములకు అలవడిన కణములను మంచినీట నానవేసినచో ఉబ్బి పగులును. కడిగిన నీరు నీలముగా మారుట శుభ్రతకు గుర్తని సంతోషించితిమి. నిజమునకది ఫైకోసయనిన్ కారిపోవుటకు గుర్తు. ఆవకాయకు తడిచేయి తగులనీయని మన తల్లులే ఈ విషయమున మాకంటె మేలు.

ఆఫ్రికాలోని చాద్ సరస్సు తీరమున కానెంబు స్త్రీలు ఈ శైవలమును వడకట్టి, ఇసుక పల్లములలో పోసి, ఎండబెట్టి 'దిహే' అను బిళ్లలు చేయుదురు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డాంజార్ 1940లోనే దీనిని గూర్చి ప్రకటించెను. ఆ పద్ధతిలో పచ్చిముద్దను నిలువయుంచు దశయే లేదు. అమెరికాలోని ఇడాహో జాతీయ ప్రయోగశాలలో శైవలమును గడ్డితో కలిపి, గాలి చొరకుండ, పాతర గ్రాసమువలె తడిగానే నిలుపు ప్రయోగములు జరిగినవి. అది ఇంధనమునకు తగును. మనుష్యుల తిండికి ఆ దారి వలదని మా అభిప్రాయము.

కావున రెండవ తొట్టికి ముందు ఒక చిన్న ప్రెస్సు, జల్లెడ తట్టలు గల సోలార్ డ్రయ్యరు కొనవలెనని కమిటీవారిని కోరుచున్నాము. ముద్దను సన్నని తీగలుగా ఒత్తుటకు జంతికల గొట్టము చాలును; అది మేమే తెచ్చుకొందుము. ఫజ్ర్ నమాజు పిదప 6 గంటలకు వచ్చి వడకట్టుటకు హాస్టలు విద్యార్థులు సిద్ధముగా నున్నారు. ప్రయోగశాల తాళపుచెవి మాత్రము 9 గంటలకు ఆఫీసు తెరచిన పిదప గాని లభించుట లేదు.