సముందర్ లేని ఊళ్లో జహాజు

పోయిన జుమా నమాజ్ అయ్యాక మా చెల్లెలు ఫోన్ చేసింది. "భాయ్‌జాన్, మీ భాంజాకి మీరే సమ్‌ఝాయించండి. ఇంటర్ చదివే పిల్లోడు రాత్రంతా లక్డీ ముక్కలు గీక్కుంటూ కూర్చుంటుండు. జహాజు బొమ్మలట! వాళ్ల అబ్బా ఎత్తి పారేస్తా అంటుండు."

వెళ్లాను. కానీ వాడి తరఫు వకీల్‌నై బయటికొచ్చాను.

ముందు వాడి ఖతా చెప్తాను. ఫర్నిచర్ షాపులో మిగిలిన టేకు ముక్కలతో మూడు తెరచాపల జహాజు చేశాడు. సఫాయి ఉన్న పనే. పైన హరా ఝండా. "ఇది ఏ జహాజు బేటా?" అంటే, "కుతుబ్ షాహీలది మామూ" అన్నాడు. చూస్తే అది ట్రఫాల్గర్ జంగ్‌లో నెల్సన్ ఎక్కిన విక్టరీ! వీడియో చూసి కట్టి, ఝండా మాత్రం మార్చాడు.

మన ఇళ్లలో తారీఖ్ పరిస్థితీ ఇంతే కదా! మనవాళ్లు సముందర్లు దాటారని జల్సాల్లో ఫఖర్‌గా చెప్పుకుంటాం. ఏ లక్డీతో, ఎన్ని అడుగుల పడవలో అని అడిగితే ఖామోష్.

అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి సముందర్ చాలా దూరం. కానీ మన ముందు నుంచి పోయే హైవే 65 చివరికి ఆగేది మచిలీపట్నంలోనే. గోల్కొండ నుంచి బందరుకు పాత రాస్తా కూడా ఇంచుమించు ఇటే. హయాత్ బక్షీ బేగం పేరుమీద వెలసిన హయత్‌నగర్‌లో మసీదు, ముసాఫిర్లకు సరాయి అందుకే. 17వ సదీలో సుల్తానుల జహాజులు బందరు నుంచి మోఖా వైపు సరుకుతోపాటు హాజీలనూ తీసుకెళ్లేవి. నర్సాపురం దగ్గర మాదపాలెంలో జహాజులు కట్టేవారు. అక్కడి పని గురించి థామస్ బౌరీ అనే ఇంగ్లీషు వ్యాపారి ఆ రోజుల్లోనే రాసిపెట్టాడు.

కోరమాండల్ తీరంలో మసూలా పడవ ఉండేది. మేకు లేదు, లోపల పక్కటెముకల్లాంటి చట్రం లేదు. పలకకు పలక ఆనించి, కొబ్బరి పీచు తాడుతో కుట్టేవారు. ఒడ్డున అల కొడితే గట్టి పడవ పగులుతుంది, ఇది వంగుతుంది. 1834లో జాన్ ఎడై అనే ఓడల మిస్త్రీ కొలతలతో సహా దీన్ని అచ్చువేయించాడు: పొడవు 30 నుంచి 35 అడుగులు, వెడల్పు 10, 11. అడుగుకి అరంగుళం లెక్కన 32 అడుగుల పడవ 16 అంగుళాలు అవుతుంది. చదువుల బల్ల మీద పడుతుంది.

ఇది టైంపాస్ అనే మా బెహనోయితో నాకు ఇత్తెఫాక్ లేదు. స్కేలు వేసి లెక్క కట్టాలి, లక్డీ నరం చూడాలి, తప్పొస్తే విప్పి మళ్లీ చేయాలి. ఫోన్ ఇంత సబర్ నేర్పుతుందా? అలాగని వాడికీ ఖుషామద్ చేయలేదు. ఉన్న కొలత మార్చి ఇష్టమొచ్చినట్టు కడితే అది అమానత్‌లో ఖయానత్ అని చెప్పాను. పోనీ, విక్టరీనే కట్టు, విక్టరీ అనే పిలువు.

షరతు కుదిరింది. మార్చి ఇంతెహాన్ల దాకా ఇత్వార్ సాయంత్రాలే.

మొన్న ఇత్వార్ మొదటి పలక పట్టాడు. చేతి డ్రిల్లుతో నాలుగో రంధ్రం వేసేసరికి నిలువునా చీలింది. అంచుకు మరీ దగ్గరగా వేశాడు. బెహనోయి అఖ్బార్ తిప్పాడు. చెల్లెలు మాత్రం కుట్టు డబ్బాలోంచి గోధుమరంగు దారం తెచ్చిచ్చి, కుట్టుకీ కుట్టుకీ ఎంత దూరం ఉండాలని అడిగింది.